ఫుప్పూ సందూక్‌లో ఒకే ఖాన్‌దాన్



చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఎందుకు ఆలస్యమైందో చెబితే మీకు నవ్వొస్తుంది. నెల రోజులుగా మా ఇంట్లో నత్తల గురించి గొడవ. గొడవ అంటే నిజంగా గొడవే. మా అబ్బా రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మా చిన్నది ఇంటర్ బైపీసీ చదువుతోంది. జువాలజీలో మొలస్కా అనే వర్గం ఉంది. నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌లు అన్నీ అందులోకే వస్తాయట. వాటిలో ఎవరికి ఎవరు ఏమవుతారో చెట్టులా గీసి చార్టు చెయ్యమన్నారు. సెలవులకి కాకినాడలో అబ్బా దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పని వెంట తెచ్చుకుంది.

"అమ్మీ, బొమ్మలు అందరూ అతికిస్తారు. నాకు అసలు వస్తువులు కావాలి" అంది.

నాకు ఫుప్పూ సందూక్ యాద్ వచ్చింది.

ఫుప్పూ అంటే మా అబ్బాకి పెద్ద ఆపా. పదహారేళ్ళకి నికాహ్ అయింది. ఇరవై నిండకుండానే బేవా అయి పుట్టింటికి వచ్చేసింది. ఔలాద్ లేదు. మళ్ళీ నికాహ్ మాట ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదట. అమ్మీ స్కూల్లో టీచర్ కాబట్టి మా నలుగురినీ పెంచింది ఫుప్పూయే. నాకు అలిఫ్ బే నేర్పింది, జడ వేసింది, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చుంది. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. ఆమెకంటూ మిగిలిన ఆస్తి ఒక రేకు సందూక్. అది అటక మీద ఉంది.

దించి తుడిచి తెరిచాం. ఇత్తడి పాన్‌దాన్, అందులో రాయిలా గడ్డకట్టిన చూనా. పాత రుమాల్‌లో కట్టిన ఆరు గవ్వలు. రంజాన్ రాత్రుల్లో సహరీ దాకా నిద్ర పట్టకపోతే మాతో పచ్చీస్ ఆడేది, ఆ గవ్వలే. హజ్ నుంచి వచ్చిన బంధువులెవరో ఇచ్చిన సీపీ తస్బీహ్, దీపం వెలుగులో గులాబీ రంగు కొట్టేది. ఒంటి ముత్యం ఉన్న ముక్కుపుల్ల. బేవా అయ్యాక పెట్టుకోలేదు, కానీ పారెయ్యనూ లేదు. అడుగున కాగితంలో చుట్టిన తెల్లటి పలక ఒకటి, అరచేయంత, తేలిగ్గా, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. మా చిన్నప్పుడు ఇంట్లో ఒక తోతా ఉండేది. అది ముక్కు అరగదీసుకోడానికి అత్తార్ దుకాణం నుంచి తెప్పించి పంజరంలో కట్టేది. దాన్ని ఫుప్పూ సమందర్ ఝాగ్ అనేది. తెలుగు దుకాణంలో అడిగితే సముద్రపు నురుగు అని ఇస్తారు.

మా చిన్నది వాటన్నిటినీ చాప మీద వరసగా పెట్టింది. కాసేపు చూసి, "అమ్మీ, నానీఫుప్పూ సందూక్‌లో ఉన్నవాళ్ళంతా ఒకే ఖాన్‌దాన్" అంది.

నేను ఒప్పుకోలేదు. చూనా రాయి కదా. ఝాగ్ అంటే సముద్రపు నురుగు ఎండి గట్టిపడింది. ముత్యం సంగతి ఫుప్పూ ఎన్నోసార్లు చెప్పింది. నైసాన్ మబ్బు కురిసినప్పుడు సీపీ నోరు తెరిచి ఒక్క చినుకు మింగుతుంది, అదే మోతీ అవుతుంది. మా పక్కింటి సుబ్బలక్ష్మమ్మగారు ఇదే కథ స్వాతి చినుకు అని చెప్పేవారు. పేరు మారినా కథ ఒకటే. ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి, "చూశావా, మీకూ ఉందా!" అని మురిసిపోయేవారు.

"కథ బాగుంది, కానీ అమ్మీ..." అంటూ మొదలుపెట్టింది మా పిల్ల. ఇక ఆ రోజంతా నేను షాగిర్ద్, అది ఉస్తాద్.

ముందు చూనా. మా వైపు పాన్‌లోకి వాడేది గుల్ల సున్నం. సముద్రపు చిప్పల్ని బట్టీలో కాల్చి నీళ్ళు చల్లితే వచ్చేది. కాకినాడ అఖాతంలో పల్చటి, గుండ్రటి, అద్దంలా వెలుతురు దూరే ఒక రకం ఆల్చిప్ప విస్తారంగా దొరుకుతుంది. గోవాలో పాత ఇళ్ళ కిటికీలకి గాజు పలకల బదులు దాన్నే బిగించారు. మన దగ్గర మాత్రం అది ఎక్కువగా బట్టీకే పోయింది. ఫుప్పూ వేలి చివరన ఆకుకి రాసిన చూనా ఒకప్పుడు ఒక జానవర్ కట్టుకున్న ఇల్లు.

తర్వాత ఝాగ్. అది నురుగు కాదు. కటిల్ ఫిష్ అని ఆక్టోపస్‌కి దగ్గర బంధువు ఒకటుంది. దాని వీపు లోపల దాగి ఉండే పెంకే ఈ పలక. అడ్డంగా విరిస్తే సన్నటి అరలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఆ అరల్లో గాలి, నీరు ఎక్కువ తక్కువ చేసుకుంటూ అది నీళ్ళలో పైకీ కిందికీ తేలుతుంది. జానవర్ చచ్చిపోయాక ఒళ్ళు కుళ్ళిపోయి పలక ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొస్తుంది. అలల మీద తెల్లగా తేలుతూ వచ్చేదాన్ని చూసి మనవాళ్ళు నురుగు అన్నారు. తప్పేముంది? నేను చూసినా అదే అనేదాన్ని.

గవ్వ సంగతి ఇంకా తమాషా. గవ్వ నున్నగా మెరవడానికి కారణం, బతికున్నప్పుడు దాని మెత్తటి చర్మం పెంకు లోపలే ఉండిపోకుండా రెండు వైపుల నుంచీ బయటికి వచ్చి పెంకుని దుప్పటిలా కప్పేస్తుంది. పసి గవ్వకి మామూలు నత్తలాగే మెలికలు కనిపిస్తాయి. పెద్దదయ్యేకొద్దీ ఆఖరి మెలిక మిగతావాటిని లోపలికి దాచేస్తుంది. మనం చూసే గవ్వలో నత్త పోలిక లేదు, కానీ కోస్తే లోపల మెలిక ఉంటుంది. ఈ చిన్న గవ్వలు ఒకప్పుడు సిక్కాలు. 1340లలో మాల్దీవ్ దీవుల్లో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా అక్కడివాళ్ళు గవ్వలతో బేరం చేయడం చూసి రాశాడు. "దో కౌడీ కా ఆద్మీ" అని మనం తిడతాం చూడండి, ఆ కౌడీ ఇదే.

తస్బీహ్, ముక్కుపుల్ల రెండూ సీపీ పనే. సీపీ లోపలి గోడకి పూసుకునే మెరుపే ముత్యానికీ పూస్తుంది. చినుకుతో పనిలేదు. చర్మం పొరలో కొంత భాగం లోపలికి ఇరుక్కుంటే, దాని చుట్టూ ఆ మెరుపుని పొర మీద పొరగా కడుతూ పోతుంది.

"ఇన్ని రకాలున్నాయి కదా, మరి వీటిని ఒకే ఖాన్‌దాన్ అని ఎలా అంటారు?" అని అడిగాను.

"పెంకు చూసి అనరు అమ్మీ. ఒళ్ళు చూసి అంటారు" అంది.

ఎముకల్లేని మెత్తటి ఒళ్ళు. కండతో చేసిన ఒక పాదం. నత్త దాంతో పాకుతుంది, ఆల్చిప్ప బురద తవ్వుతుంది, ఆక్టోపస్ చేతులు కూడా ఆ పాదం నుంచే వచ్చినవి అంటారు. వీపు మీద ప్రవారం అనే చర్మపు మడత. పెంకు కట్టేది అదే. నోట్లో ఆకురాయి లాంటి పళ్ళ పట్టీ, రాడ్యులా అని దాని పేరు. ఆల్చిప్పలు దాన్ని పోగొట్టుకున్నాయి, నీళ్ళు వడకట్టుకుని తినేవాటికి పళ్ళెందుకు? పెంకు బయట ఉండొచ్చు, లోపల ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. వానాకాలంలో మన గోడల మీద పాకే పెంకులేని నత్త కూడా నత్తే. ఇప్పటికి పేర్లు పెట్టిన జాతులే ఎనభై వేలకు పైగా ఉన్నాయట. కీటకాలు, రొయ్యలు, పీతలు ఉన్న ఖాన్‌దాన్ తర్వాత జంతువుల్లో ఇదే పెద్దది.

ఇంత తేలిగ్గా చెప్పేసింది గానీ, ఈ లెక్క తేలడానికి పెద్ద పెద్ద ఆలిములకే వందేళ్ళు పైన పట్టింది. ఆ కిస్సా నాకు చాలా నచ్చింది.

స్వీడన్‌లో లిన్నేయస్ అనే ఆయన 1758లో జంతువులన్నిటినీ ఆరు తరగతులు చేశాడు. పాలిచ్చేవి, పక్షులు, పాములూ కప్పలూ, చేపలు, పురుగులు. ఇవి పోగా మిగిలినవాటిని వెర్మీస్ అని ఒక మూట కట్టాడు. ఆ మూటలో మళ్ళీ ఐదు పొట్లాలు, వాటిలో రెండింటి సంగతి చూడండి. ఒళ్ళు మెత్తగా కనిపించేవి మొలస్కా, పెంకు ఉన్నవి టెస్టేసియా. ఫలితం ఏమైందంటే, పెంకున్న నత్త ఒక పొట్లంలో, పెంకులేని నత్త ఇంకో పొట్లంలో పడ్డాయి. సొంత అక్కచెల్లెళ్ళని విడదీసినట్టు. కటిల్ ఫిష్‌ని తీసుకెళ్ళి జెల్లీ చేప, సముద్ర నక్షత్రాల పక్కన కూర్చోబెట్టాడు. దాని బంధువు నాటిలస్‌కి పెంకు బయటే ఉంది కాబట్టి అది టెస్టేసియాలోకి పోయింది. ఇల్లున్నవాళ్ళు ఒక జాత్, ఇల్లు లేనివాళ్ళు ఒక జాత్ అన్నమాట.

1795లో పారిస్‌లో క్యువియే అనే యువకుడు వీటిని కోసి చూశాడు. గుండె ఎక్కడుంది, మొప్పలు ఎలా ఉన్నాయి, నరాలు ఎటు పోతున్నాయి అని. లోపల చూసేసరికి రెండు నత్తలూ ఒకచోటికి వచ్చాయి, కటిల్ ఫిష్ వాటితో కలిసింది, జెల్లీ చేప, సముద్ర నక్షత్రం వేరే ఇంటికి పోయాయి. సముద్ర నక్షత్రం అయితే నత్తకంటే వెన్నెముక ఉన్న మనలాంటివాళ్ళకే దగ్గరని తర్వాత తేలింది.

కానీ క్యువియే కూడా ఒకచోట ధోకా తిన్నాడు. కాకినాడ రేవులో పాత పడవల అడుగున తెల్లటి ముళ్ళ గుల్లలు అతుక్కుని ఉంటాయి, అరికాలు కోసుకుపోతుంది. వాటిని బార్నకిల్ అంటారు. పెంకు ఉంది, కదలదు, ఆల్చిప్పకి అచ్చం తోబుట్టువులా ఉంటుంది. ఆయన వాటిని మొలస్కాలోనే ఉంచాడు. ఐర్లండ్‌లో థాంప్సన్ అనే ఆయన వాటి పసి పిల్లల్ని నీళ్ళలో చూసి, 1830లో ఆ సంగతి ప్రకటించాడు. ఆ పిల్లలు కాళ్ళు కొట్టుకుంటూ ఈదుతున్నాయి, అచ్చం రొయ్య జాతి పిల్లల్లా! పెద్దయ్యాక రాయికి అతుక్కుని చుట్టూ పెంకు కట్టుకున్నాయి. అంటే బార్నకిల్ రొయ్యకీ పీతకీ బంధువు. ఆల్చిప్పతో ఏ రిష్తా లేదు, వేషం మాత్రమే ఒకటి.

దీనికి తిరుగు కూడా ఉంది. చెక్క పడవల్ని లోపల్నుంచి తొలిచేసే ఓడపురుగు చూడ్డానికి పొడుగాటి పురుగు. కానీ దాని తల దగ్గర రెండు చిన్న చిప్పలుంటాయి, వాటితోనే చెక్కని తొలుస్తుంది. అది ఆల్చిప్పల ఖాన్‌దాన్ మనిషి.

ఇక్కడ మీలో చాలామందికి ఒక సవాల్ వస్తుందని తెలుసు, నాకూ వచ్చింది. మా ఇంట్లో హనఫీ మస్లక్. సముద్రంలో మనకి మఛ్లీ హలాల్. రొయ్య మఛ్లీ అవునా కాదా అని మన ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది. షాఫియీ వాళ్ళకి ఈ విషయంలో గుంజాయిష్ ఎక్కువ. హైదరాబాద్ బార్కస్‌లో మాకు తెలిసిన షాఫియీ కుటుంబం ఉంది. ఒకసారి దావత్‌లో స్క్విడ్ వండారు. మా ఆయన "మఛ్లీయే కదా" అని చెయ్యి చాచి ఆగిపోయారు. మార్కెట్లో దాన్ని చేపల పక్కనే పెట్టి అమ్ముతారు, కటిల్ ఫిష్‌కి పేరులోనే ఫిష్ ఉంది. కానీ జంతుశాస్త్రం లెక్కలో స్క్విడ్‌కి నత్త బంధువు, చేప కాదు. చేపకి వెన్నెముక ఉంది, ఎర్ర రక్తం ఉంది. స్క్విడ్‌కి వెన్నెముక లేదు, రక్తం నీలం, గుండెలు మూడు. చేప స్క్విడ్‌కంటే మనకే దగ్గర. ఫిఖ్హ్ లెక్క వేరు, దాని ఉసూల్ వేరు. నేను ఆలిమాని కాను, మసలా మీ ముఫ్తీ సాహబ్‌ని అడగండి. నేను చెప్పేది ఒక్కటే, పేరులో చేప ఉన్నంత మాత్రాన చేప కాదు.

ఇక గొడవ సంగతి.

చెట్టు ఎలా గీయాలో తెలియక మా చిన్నది అబ్బా దగ్గరికి వెళ్ళి, "నానా, మీ దగ్గర షజ్రా ఉందట కదా, చూపిస్తారా? అదే నమూనాలో గీస్తాను" అంది. అబ్బాకి ఎనభై రెండేళ్ళు. ఆయనకి ఆ షజ్రా అంటే ప్రాణం. గుడ్డ అతికించిన పొడుగాటి కాగితం, దాదా ఖత్‌లో ఏడు తరాలు, కింద రెండు తరాలు అబ్బా రాశారు. "నత్తలకి షజ్రా ఏమిటే, తౌబా!" అని నవ్వుతూనే దస్తర్‌ఖాన్ మీద పరిచారు.

మా పిల్ల వేలు పెట్టి ఒక్కో కొమ్మా చూసింది. చివరికి, "నానా, ఫుప్పూ ఎక్కడ?" అంది.

లేదు. షజ్రాలో బేటాలే ఉన్నారు. నేనూ లేను, మా అక్కా లేదు. మా అన్న, తమ్ముడు ఉన్నారు. ఫుప్పూకి ససురాల్ షజ్రాలోనూ చోటు లేదు, ఔలాద్ లేదు కదా. అంటే ఆమె ఏ కాగితం మీదా లేదు.

"అది రివాజ్ బేటా. బేటీలు వేరే ఖాన్‌దాన్‌కి పోతారు" అన్నారు అబ్బా.

"ఫుప్పూ పోలేదు కదా నానా, ఇక్కడే ఉంది కదా" అంది.

అబ్బా కాగితం చుట్టేశారు. నేను ఊరుకుని ఉంటే అయిపోయేది. ఊరుకోలేదు. "మిమ్మల్ని ఎత్తుకుని పెంచిన ఆపా పేరు రాయని షజ్రా ఏం షజ్రా అబ్బా?" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఆయన లేచి వెళ్ళిపోయారు. రెండు రోజులు సలాంకి జవాబు తప్ప వేరే మాట లేదు.

ఆ రెండు రోజులూ మా చిన్నది చార్టు గీస్తూనే ఉంది. నేను పక్కన కూర్చుని రంగులు అందించాను. మొలస్కా చెట్టుకి ఇప్పుడు బతికున్న కొమ్మలు ఎనిమిది. నత్తలు, గవ్వలు, శంఖాలు ఒక కొమ్మ. ఆల్చిప్పలు ఒకటి. కటిల్ ఫిష్, ఆక్టోపస్, నాటిలస్ ఒకటి. ఏనుగు దంతంలా ఉండే సన్నటి గొట్టాలవి ఒకటి. వీపు మీద ఎనిమిది పలకలు పేర్చుకున్న కైటన్లు ఒకటి. పెంకే లేకుండా పురుగుల్లా ఉండేవి రెండు కొమ్మలు.

ఎనిమిదోది మోనోప్లాకోఫోరా. టోపీ లాంటి పెంకు. దాన్ని రాళ్ళలో శిలాజంగానే చూశారు, దాదాపు 38 కోట్ల ఏళ్ళ క్రితమే ఖతమ్ అయిపోయిందని అనుకున్నారు. 1952లో గలాతియా అనే డెన్మార్క్ ఓడ పసిఫిక్‌లో, కోస్టారికా వైపు, మూడున్నర వేల మీటర్ల లోతు నుంచి వల పైకి లాగితే అందులో బతికున్నవి వచ్చాయి. 1957లో వాటికి నియోపిలినా అని పేరు పెట్టారు. పోయిందనుకుని మూసేసిన కొమ్మని మళ్ళీ తెరిచారు.

పురుగుల్లాంటి ఆ రెండు కొమ్మల కథ దగ్గర నేను రంగు పెన్సిల్ కింద పెట్టేశాను. వాటికి పెంకు లేదు కాబట్టి, ఇంకా పెంకు కట్టడం రాని మొదటి రకం అనుకుని చాలా పుస్తకాల్లో చెట్టు అడుగున గీసేవారు. 2011లో రెండు బృందాలు డీఎన్ఏ చదివి చూస్తే అవి కైటన్లకి దగ్గరి తోబుట్టువులని తేలింది. మరుసటి ఏడే ఇంగ్లండ్‌లో దొరికిన 42.5 కోట్ల ఏళ్ళ నాటి ఒక శిలాజం గురించి ప్రకటించారు. ఒళ్ళు పురుగులా ఉంది, వీపు మీద ఏడు పలకలున్నాయి. అంటే వాటికి ఒకప్పుడు పలకలు ఉండేవి, పోగొట్టుకున్నాయి. లేనివి కావు, పోయినవి. నాకు ఫుప్పూ ముక్కుపుల్ల యాద్ వచ్చింది.

2025లో ఎనిమిది కొమ్మల జీనోములూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశారు. కైటన్లూ పురుగుల్లాంటివీ ఒక పెద్ద కొమ్మ, మిగిలిన ఐదూ ఇంకో పెద్ద కొమ్మ అన్న లెక్క నిలబడింది. చెట్టు ఇంకా కిందికి దిగితే మొలస్కాకి బంధువులు వానపాములు. కొన్ని సముద్రపు నత్తల పసిపిల్లలూ, వానపాము జాతికి చెందిన సముద్రపు పురుగుల పసిపిల్లలూ బొంగరంలా తిరుగుతూ దాదాపు ఒకేలా ఉంటాయట. రొయ్యలూ పీతలూ వేరే వైపు, చర్మం విడిచి పెరిగేవాటితో. మార్కెట్లో ఒకే బుట్టలో కూర్చునే ఆల్చిప్పకీ రొయ్యకీ ఇంత ఫాసలా ఉందని నాకు ఇన్నేళ్ళు తెలియదు.

మూడో రోజు జుమ్మా. నమాజ్ నుంచి వచ్చి అబ్బా వరండాలో కూర్చున్నారు. మా చిన్నది చార్టు ఆయన ముందు పరిచింది. ఫుప్పూ గవ్వ, చూనా ముక్క, ఝాగ్ పలక వాటి వాటి కొమ్మల మీద అతికించి ఉన్నాయి. తస్బీహ్, ముక్కుపుల్ల అతికించలేదు, వాటి బొమ్మలు గీసింది. అబ్బా చాలాసేపు ఝాగ్ పలకని చూశారు.

"ఇది ఆపా తోతా పంజరంలోది కదా" అన్నారు.

"అవును నానా. నానా, ఒక మాట చెప్పనా? మీరు కోప్పడకూడదు."

"చెప్పు."

రిష్తాలు కనిపెట్టడానికి డీఎన్ఏ చదువుతారని చెప్పాను కదా. అందులో మైటోకాండ్రియా డీఎన్ఏ అని వేరే ఒకటుందట. మనుషుల్లో అది అమ్మ నుంచే వస్తుంది. కొడుక్కీ, కూతురికీ ఇద్దరికీ అమ్మదే. నాన్నది రాదు. "మీలో ఉన్నది మీ అమ్మీది నానా. ఫుప్పూలో ఉన్నదీ అదే. ఆ దారిలో చూస్తే మీ ఇద్దరిదీ ఒకే పేరు. కానీ మీ షజ్రాలో మీ అమ్మీ పేరు కూడా లేదు."

అబ్బా ఏమీ అనలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. దాదీ పేరు కూడా లేదన్న సంగతి ఆ రోజు గొడవలో నాకే తట్టలేదు.

"నత్తలకీ అంతేనా?" అని అడిగారు కాసేపాగి. గొంతులో కోపం లేదు.

"కొన్ని ఆల్చిప్పలు వేరు నానా. సముద్రపువి కొన్ని, మంచినీటివి చాలా. వాటిలో కూతుళ్ళకి అమ్మదే వస్తుంది. కొడుకులకి అమ్మదీ వస్తుంది, నాన్నదీ వస్తుంది. నాన్నది విడిగా దాచుకుని వాళ్ళ కొడుకులకి ఇస్తారు. అంటే రెండు షజ్రాలు, పక్కపక్కనే. రెండూ చదవొచ్చు."

"సీపీకి రెండు షజ్రాలు" అన్నారు అబ్బా తనలో తాను అనుకున్నట్టు. "సుబ్‌హానల్లాహ్."

ఆ సాయంత్రం అసర్ తర్వాత నన్ను పిలిచారు. షజ్రా మళ్ళీ పరిచి ఉంది. కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ చిన్నది చెట్టులో కొన్నిచోట్ల చుక్కల గీత ఎందుకు గీసింది?" అని అడిగారు.

"అక్కడ రిష్తా ఇంకా పక్కాగా తేలలేదట అబ్బా. తేలేదాకా చుక్కలు."

"ఊఁ. నాకూ ఇది పక్కాగా తేలలేదు. అబ్బాజాన్ రాసిన కాగితం మీద నేను ఏం చేస్తున్నానో." అని పెన్సిల్ తీసుకున్నారు. కలం కాదు, పెన్సిల్. చెయ్యి వణుకుతోంది. తన పేరు పక్కన, కొంచెం పైగా, ఆపా కాబట్టి, చుక్కల గీత లాగి ఫుప్పూ పేరు రాశారు. పైన దాదా పేరు పక్కన దాదీ పేరు రాయబోయి ఆగారు. వాళ్ళ అమ్మీ పూర్తి పేరు ఆయనకి గుర్తు రాలేదు. ఇంట్లో అందరూ ఆమెని ఫలానావాళ్ళ మా అనే పిలిచేవారట.

ఎనభై రెండేళ్ళ మనిషి వాళ్ళ అమ్మ పేరు కోసం అలా కూర్చోవడం నేను చూశాను. ఆ రాత్రి రాజమండ్రిలో ఉన్న ఒక పెద్ద ఖాలాకి ఫోన్ చేశాం, తర్వాత సామర్లకోటకి, తర్వాత ఇంకొకరికి. ఆఖరికి ఒకాయన పాత నికాహ్‌నామా నకలు వెతికి చదివి చెప్పారు. అబ్బా రెండుసార్లు చెప్పించుకుని రాశారు. అది కూడా పెన్సిల్‌తోనే.

నా పేరూ, అక్క పేరూ ఇంకా రాయలేదు. అడగలేదు నేను. మా చిన్నది మాత్రం రోజూ ఫోన్‌లో, "నానా, కొమ్మలు పెరిగాయా?" అని అడుగుతోంది. "ఠహ్రో బేటా" అంటున్నారు. మీ నత్తలకే వందేళ్ళు పట్టిందన్నావుగా, నాకు కొన్ని రోజులైనా ఇవ్వవా అని నవ్వుతున్నారు.

చార్టుకి కాలేజీలో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పాలి కదా. పదికి ఎనిమిది. వస్తువులు అతికించినందుకు మెచ్చుకుని, చుక్కల గీతలు పెట్టినందుకు రెండు తగ్గించారట. చెట్టు అంటే గట్టిగా గీయాలట.

మీ ఇళ్ళలో షజ్రా ఉంటే ఒకసారి తీసి చూడండి. మీ దాదీ పేరు, నానీ పేరు మీకు తెలుసా? తెలిసినవాళ్ళు బతికుండగానే అడిగి రాసుకోండి, పెన్సిల్‌తోనైనా సరే. మా ఫుప్పూ మగ్‌ఫిరత్ కోసం ఒక దువా చెయ్యండి.

ఖుదా హాఫిజ్.